టోంగాటు నుండి స్టాంగరుకు పోవు పాతరోడ్డు



నేటాలు ఉత్తర తీరమున టోంగాటునుండి స్టాంగరువరకు పోవు పాతరోడ్డును మీలో నెరుగనివారు లేరు. ప్రభుత్వము వారు దానికిచ్చిన పేరు ఆర్ 102. ఈ భాగము పొడవు దాదాపు 35 కిలోమీటర్లు. సముద్రపు వైపున ఎన్ 2 అను పెద్దబాట పడిన పిమ్మట, తొందరపని గలవారు సుంకము చెల్లించి ఆ మార్గముననే పోవుచున్నారు. పాతరోడ్డున చెరకు లారీలును, టాక్సీలును, కాలినడకవారును మిగిలిరి. అయినను మన పెద్దల చరిత్ర ఈ రోడ్డు ప్రక్కనే యున్నది గనుక దీనిగూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని.

టోంగాటు దాటి ఉత్తరముగా పోగా కాంపెన్సేషన్ అను చోటు వచ్చును. 1851లో ఎడ్మండ్ మోర్‌వుడ్ అను దొర ఇచ్చటనే నేటాలులో మొదటిసారి చెరకు గానుగాడించి పంచదార తీసెను. తోటలు పెరిగెను, పనివారు చాలకపోయిరి. అందుచేత 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి 342 మందిని డర్బనుకు తెచ్చెను. 1911 వరకు అట్లు వచ్చిన గిర్మిట్టువారు 1,52,184 మంది. వారిలో విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అనేకులు. మా ముత్తాతయు వారిలో నొకడు. మొదట వచ్చినవారికి కూలి తొలియేట నెలకు 10 షిల్లింగులు. తరువాత ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చు. కాంపెన్సేషన్ అనగా నష్టపరిహారము. ఆ పేరు మనవారు రాక మునుపటిదే. అయినను ఈ కూలి లెక్క చెప్పునప్పుడెల్ల ఆ పేరు నాకు జ్ఞప్తికి వచ్చును.

తరువాత ఉమ్‌లాలి, షాకాస్‌క్రాల్ అను ఊళ్లు. ఒకప్పుడు నేను మా బడిపిల్లలతో ఈ దారిని పోవుచుండగా ఒక బాలుడు, "అయ్యగారూ, మన పెద్దలు సెలవునాడు ఈ రోడ్డున చుట్టాల తోటలకు పోవుచుండిరా?" అని యడిగెను. అప్పుడు నేను 1891 నాటి 25వ చట్టమును గూర్చి చెప్పితిని. యజమాని వ్రాసియిచ్చిన చీటీ లేక తోట విడిచిన కూలివానిని పట్టి శిక్షించుటకు ఆ చట్టము అధికారమిచ్చెను. కష్టము చెప్పుకొనుటకు అందరును కలిసి సెలవు లేక బయలుదేరినను నేరమే. రోడ్డు చేనిగట్టుననే యుండెను. దానిపై కాలు పెట్టుటకు కాగితము కావలసెను. పిల్లలు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట ఒక చిన్నది, "చదువురానివారు ఆ చీటీలో నేమున్నదో యెట్లు తెలిసికొనిరండీ?" అనెను. "తెలిసికొనలేకపోయిరి తల్లీ. అందుచేతనే వారి బిడ్డలు తమ కొద్దిపాటి కూలిలోనుండి చందాలు వేసికొని బడులు కట్టించిరి" అని చెప్పితిని.

1895 నాటి చట్టము గిర్మిట్టు తీరి ఇచ్చట నిలిచినవారిపై ఏటికి 3 పౌనుల పన్ను విధించెను. 1913 నవంబరులో ఈ తీరపు తోటలవారు పని మాని, చీటీలు లేకయే వేలకొలది రోడ్డెక్కిరి. కొందరు తుపాకులకు బలియైరి. 1914లో ఆ పన్ను రద్దాయెను.

ఇంకను ముందుకు పోగా గ్రౌట్‌విల్. ఆల్డిన్ గ్రౌట్ అను అమెరికా మిషనరీ 1844లో ఉమ్వోటి యేటి ప్రాంతమున స్థాపించిన మిషనువలన ఈ ఊరు ఏర్పడెను. ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1936లో ఇచ్చటి జనులకు నాయకుడైన ఆల్బర్ట్ లుతూలీ ఈ ఊరివాడే. 1959లో ప్రభుత్వము ఆయనను ఈ జిల్లా దాటరాదని కట్టడి చేసెను. 1960 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము నందుకొనుటకు 1961లో ఓస్లోకు పోవలసినప్పుడును ఆయన అనుమతి కోరవలసివచ్చెను. మన ముత్తాతలవలెనే ఆయనయు ఈ రోడ్డున తన యిష్టము చొప్పున పోలేకపోయెను.

ఏరు దాటినచో స్టాంగరు. జూలూ రాజగు షాకా రాజధాని డుకూజా ఇచ్చటనే యుండెను. 1828లో ఆయన ఇచ్చటనే సోదరులచేత హతుడాయెను. పట్టణము 1873లో వెలసెను. నేడు దాని పేరు క్వాడుకూజా.

తల్లిదండ్రులారా, ఈసారి స్టాంగరుకు పోవునపుడు తొందర లేనియెడల పాతరోడ్డుననే పొండు. మీ పెద్దలు ఏ తోటలో పనిచేసిరో పిల్లలకు చేయిచాపి చూపుడు. నడుమ బండి నాపుమని వారడుగుదురు. ఆపుడు, దిగి కొంతదూరము నడువనిండు.