పొద్దున లేవని బండి

ఇంజన్ల గురించి రాయడానికి నీకున్న అర్హత ఏమిటని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. చదివింది బి.కాం. ముప్ఫై నాలుగేళ్ళుగా బ్యాంకులో పద్దులు చూసుకుంటున్నాను. ఎందరికో ట్రాక్టరు అప్పులిచ్చాను, వసూలు చేశాను. కాని ట్రాక్టరు బానెట్టు ఎత్తి లోపలికి తొంగిచూసింది మాత్రం మొన్న సంక్రాంతికే.

మాది సింధనూరు దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారని మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. నాన్నగారు 1984లో కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ఇంకా మా పాకలోనే ఉంది. మూడు సిలిండర్ల డీజిలు బండి. దమ్ముకూ దుక్కికీ తమ్ముడు కొన్న కొత్త బండి ఉంది. పాతదాని మీద నాన్నగారు రోజూ తెల్లవారుజామున పొలం వెళ్ళి మడవలు చూసుకుని వస్తారు. ఆయనకిప్పుడు ఎనభై మూడేళ్ళు.

పండక్కి వెళ్ళేసరికి తమ్ముడి మొహం బాగాలేదు. "అన్నయ్యా, పాత బండి అమ్మేస్తున్నాను. సోమవారం పాత ఇనుము కొనేవాడు వస్తాడు" అన్నాడు.

కారణం విన్నాక నేనూ కాదనలేకపోయాను. రెండు నెలలుగా బండి పొద్దునపూట స్టార్టు కావడం లేదు. నాన్నగారు ఇద్దరు కుర్రాళ్ళ చేత కాలువగట్టు మీదికి నెట్టించి, గేరు వేసి, క్లచ్చి తొక్కి వాలులో దొర్లిస్తున్నారు. వేగం రాగానే క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటోంది. ఒకనాడు మంచులో ముందుచక్రం గట్టు అంచు దాటిందట. కింద నిండు కాలువ. "బండి కోసం మనిషిని పోగొట్టుకుంటామా?" అన్నాడు తమ్ముడు. కొత్త బ్యాటరీ వేసి చూశాడు, లాభం లేదు. బోరు అరిగింది, పిస్టన్లు, రింగులు, లైనర్లు మార్చాలని మెకానిక్కు చెప్పాడు. ఆ ఖర్చు పెడితే బండి ఖరీదును మించుతుంది.

నాన్నగారు భోజనం దగ్గర ఏమీ మాట్లాడలేదు. చేయి కడుక్కుని మంచం మీద కూర్చున్నాక నాతో అన్నారు: "బోరు కాదురా. బోరు పోయిన బండి మధ్యాహ్నం ఒక్క తిప్పుకే అందుకుంటుందా? ఇది నూనె తాగట్లేదు, నడిచేటప్పుడు పొగ లేదు. నువ్వు లెక్కలు చదివావుగా, చూడు."

మర్నాడు చీకటితోనే పాకలోకి వెళ్ళాం. తమ్ముడు తాళం తిప్పాడు. స్టార్టరు బరువుగా మూలిగింది, గొట్టంలోంచి తెల్లపొగ వచ్చింది, అంతే. "పొగే రాకపోతే డీజిలు దారి వెతకాలి. తెల్లపొగ వచ్చిందంటే డీజిలు లోపలికి వెళుతోంది, మండట్లేదు" అన్నారు నాన్నగారు.

ఎందుకు మండదో ఆయనే చెప్పారు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. పిస్టను గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కితే, ఆ వేడికే డీజిలు అంటుకోవాలి. ఇంజను నెమ్మదిగా తిరిగితే పుట్టిన వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. గట్టు మీద దొర్లిస్తే వేగం వస్తుంది కనుక అంటుకుంటుంది. మధ్యాహ్నం ఇనుము, నూనె వెచ్చగా ఉంటాయి కనుక నెమ్మదిగా తిరిగినా అంటుకుంటుంది. అంటే జబ్బు తిరిగే వేగంలో ఉంది.

అక్కడి నుంచి నాకు తెలిసిన పనే. మేనల్లుడి దగ్గర మల్టీమీటరు ఉంటే తెచ్చాను. న్యూట్రల్లో పెట్టి, ఇంజను అంటుకోకుండా స్టాపు నాబు లాగి పట్టుకుని, తమ్ముడి చేత కాసేపు కాసేపు స్టార్టరు తిప్పించాను. తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.8 వోల్టులు. స్టార్టరు దగ్గర 7.5. బయలుదేరిన నగదులో 3.3 దారిలో మాయం! బ్యాటరీ నుంచి స్టార్టరుకు వెళ్ళే తీగ పొడవునా చూస్తే 0.3 మాత్రమే పోతోంది. తిరుగుదారిలో, ఎర్తు తీగ బాడీకి బిగించిన చోట, తక్కిన 3 వోల్టులూ దొరికాయి. పద్దు పైసాతో సహా కుదిరింది. ఒక్కో వైపు అర వోల్టు మించి పోకూడదు.

బోల్టు విప్పితే కింద ఎర్ర రంగు, దాని చుట్టూ తుప్పు. దసరాకు ఆయుధపూజ కోసం, నాన్నగారు సంతోషిస్తారని, తమ్ముడే బండికి రంగు వేయించాడు. తీగ విప్పి రంగు కొట్టి, ఆ రంగు మీదే మళ్ళీ బిగించారు. చలికాలం వచ్చేదాకా ఆ లోపం బయటపడలేదు. ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాశాం. ఎర్తు వైపు నష్టం 0.2కు దిగింది. స్టార్టరు గొంతే మారిపోయింది. స్టాపు నాబు లోపలికి నెట్టి తిప్పితే మూడో చుట్టుకు ఇంజను అందుకుంది.

తమ్ముడు ఆ పాత ఇనుము వాడికి ఫోను చేశాడు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోబోయాం అనుకుని నవ్వుకున్నాం. కాని నా నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

1996లో, ఉద్యోగంలో చేరిన అయిదో ఏట, ఒక పల్లెకు వసూలుకు వెళ్ళాను. కిస్తీలు కట్టని రైతు, "పొద్దున బండి లేవదు సార్. బాడుగ దుక్కి తెల్లారకముందే మొదలు. ఇంక నన్నెవరు పిలుస్తారు?" అన్నాడు. నేను వెళ్ళింది మధ్యాహ్నం రెండింటికి. తాళం తిప్పమన్నాను. బండి వెంటనే స్టార్టయింది. అతను తెల్లబోయి దానివైపే చూస్తూ నిలబడ్డాడు. "యంత్రం నడిచే స్థితిలో ఉన్నది, బాకీదారు చెప్పిన కారణం సరికాదు" అని రిపోర్టు రాశాను. కొన్నాళ్ళకు బండి జప్తయింది, వేలంలో పోయింది.

నేను చూసింది అబద్ధం కాదు. కాని పొద్దున వచ్చే జబ్బును మధ్యాహ్నం వెళ్ళి పరీక్షించాను. అతని బండికి పట్టిన రోగమేమిటో ఇప్పుడు తెలిసే మార్గం లేదు. పదిరూపాయల ఎమరీ కాగితంతో పోయేదేమో, కాదేమో. తెల్లవారుజామున ఒక్కసారి వెళ్ళి ఉంటే, కనీసం ఆ రెండో వాక్యం రాసి ఉండేవాణ్ణి కాదు.

ఈ సంగతి నాన్నగారికి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకా రెండేళ్ళ సర్వీసుందిగా నీకు. పొద్దున్నే లేచి వెళ్ళు" అన్నారు.

మర్నాడు అయిదింటికి పాకలో బండి చప్పుడుకు మెలకువ వచ్చింది. ఈసారి గట్టువైపు ఎవరూ నెట్టలేదు.