పర్ణశాల దారిలో దుమ్ముగూడెము

భద్రాద్రి రాముని సేవించుకొన్న యాత్రికులు అచ్చటినుండి పర్ణశాలకు పోయి, సీతమ్మ నారచీరలారవేసినదని చెప్పు రాళ్లను కన్నులకద్దుకొని, సాయంకాలపు బస్సునకు తిరిగి వచ్చుట ఏనాటినుండియో ఆచారమైయున్నది. ఆ బస్సులు పోవు దారిలోనే, గోదావరి యొడ్డున, దుమ్ముగూడెమను ఊరొకటి యున్నదని వారిలో నూటికొక్కరికైనను తోచదు. నేనెక్కిన బస్సులో అచ్చట దిగినవాడను నేనొక్కడనే. నన్ను దింపుచు కండక్టరు, "పర్ణశాల ఇంకా ముందున్నదండీ, మీరు పొరపాటున దిగుతున్నారు" అని హెచ్చరించినాడు కూడను.

గోదావరి ప్రాజెక్టులను గూర్చి ప్రత్యేకసంచిక వెలువరింప నెంచిన సంపాదకులొకరు, ఖమ్మము శివారున ఖానాపురం హవేలిలో కాపురముండు వాడను గనుక నాకు దుమ్ముగూడెము పెరటిలోనిదేయని భావించి, అచ్చటి ఆనకట్టను చూచి రెండు మాటలు వ్రాసి పంపుమనిరి. పెరటిలోని ఆ యూరు నూఱు కిలోమీటర్లకు పైబడి యున్నది. కొత్తగూడెపు బొగ్గుపొడిని, పాల్వంచ పొగను దాటి, సారపాక వంతెనపై గోదావరిని గడచి, భద్రాచలమున బస్సు మారి పోవలెను. ఆనకట్టను చూచితిని. ధవళేశ్వరము కట్ట పూర్తియైన పిమ్మట ఆర్థర్ కాటన్ దొరగారు గోదావరిపై వార్ధానది వరకు పడవలు నడిపి విదర్భదేశపు ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని సంకల్పించిన కథయు, నదిలో పడవలకు అడ్డుపడు రాతిమిట్టలు మూడింటిలో మొదటిది ఇచ్చటనే యుండుటచే హేగ్ అను ఇంజనీరు ఈ కట్టను, దాని ప్రక్కన కాలువను, లాకులను నిర్మింపబూనిన కథయు, మధ్యదేశమునకు రైలు వచ్చిన పిదప 1871లో సర్కారువారు ఆ పథకమును నట్టేట విడిచిన కథయు ఇంజనీర్ల గ్రంథములలో కావలసినంత విపులముగా నున్నవి. రాళ్లను గూర్చి నాకింతకంటె చెప్పవలసినది లేదు. నా మనస్సు వేరొకచోట చిక్కుకొన్నది.

ఆ హేగ్ దొర రాళ్లు పేర్చుటతో తృప్తిపడక, చుట్టునున్న కోయవారికి తన మతమును బోధింపవలెనని తలచి, ఆ పనులయందే ఉద్యోగిగా నుండి క్రైస్తవుడైన వెంకటరామరాజుగారి తోడ్పాటుతో 1860 ప్రాంతమున ఇచ్చట ఒక మిషనును నెలకొల్పెను. ప్రత్తి పడవలు రాలేదు. మిషను మాత్రము నిలిచినది. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మధ్యరాష్ట్రములనుండి విడదీసి గోదావరి జిల్లాలో కలిపిన దినములలో ఈ మిషనుకు వచ్చి చేరినవాడు చర్చి మిషనరీ సొసైటీకి చెందిన జాన్ కేయిన్ అను పాదిరి. ఆయనయు, ఆయన భార్యయు యౌవనమున వచ్చి, ఇచ్చటనే నెరసినవారు. రాజమండ్రినుండి పాపికొండల నడుమగా నీరుండిన దినములలో పడవపై, నీరు తీసిన దినములలో బండిపై తప్ప మఱియొక దారి లేని కాలమున, వానలు వెలిసినంతనే వచ్చు మన్యపు జ్వరము ఏటేట ఇంటింట అతిథియై కూర్చుండు ఊరిలో, ముప్పది యేండ్లు కాపురము చేయుట యనగా నేమో, భద్రాచలమునకు బదిలీయైనంతనే సెలవు చీటి వ్రాయు మన యుద్యోగులనడిగిన తెలియగలదు.

పాత చర్చికి కొంచెము ఎడముగా, వేపచెట్టు నీడనున్న ఒక పెంకుటింటి అరుగుపై, డెబ్బది దాటిన పెద్దమ్మ ఒకతె లేసు అల్లుచు కూర్చుండి యుండగా చూచితిని. నేను ఆ యూరిలో గడపిన కాలములో అధికభాగము ఆ అరుగుపైననే గడచినది. ఆమె ఎడమచేతి చూపుడువ్రేలికి దారము రెండు చుట్లు చుట్టియుండును. ఏండ్ల తరబడి ఆ దారము ప్రాకుటచే ఆ వ్రేలిపై సన్నని గాడి ఏర్పడినది. కుడిచేతిలో మొనకు కొక్కెమున్న సూది. ఆ సూది లోపలికి పోవుట, దారమును పట్టుట, వెలికివచ్చుట, ఈ మూడు క్రియలకు నడుమ ఎడమే కనబడనంత వడిగా ఆ వ్రేళ్లు మెదలుచుండగా ఆమె చూపు మాత్రము వీధిలోని కోడిపిల్లలపై నుండెను. ఒక పువ్వు రేకు ముగియు చోట మాత్రము చూపు చేతిపైకి దిగును, పెదవులు కదలును, కుట్లు లెక్కించుచున్నదని గ్రహించితిని. ఆ లెక్క తెలుగులో. మనుమడు వచ్చి లెక్క తప్పించినపుడు వానిపై విసరిన తిట్టు కోయలో. తప్పిన కుట్టును ఎక్కడ తప్పినదో వెదకలేదు. బొటనవ్రేలితో అంచును ఒకసారి తడవి, తప్పిన చోటికి సరిగా పోయి, అంతవరకు విప్పి, మరల మొదలుపెట్టినది. కన్ను చేయలేని పనిని వ్రేలు చేయుటను చూచి నాకు కలిగిన సంభ్రమమును ఆమెతో చెప్పగా, "కళ్లెప్పుడో పోయినయ్ సారూ, ఇంక చెయ్యే దిక్కు" అని నవ్వినది.

ఎవరు నేర్పిరని యడిగితిని. "మా అత్త. ఆమెకు వాళ్ల అత్త. ఆమెకు దొరసాని." అంతే. వంశవృక్షమంతయు మూడు మాటలలో ముగిసినది. దుమ్ముగూడెపు స్త్రీలకు ఈ అల్లికను అలవరచినది కేయిన్ పాదిరిగారి భార్య. ఆ కాలపు ఆంగ్లగ్రంథములలో ఆమె భర్తపేరిటనే కనబడును. అయినను ఇచ్చటి స్త్రీలు అల్లిన లేసు సముద్రములు దాటి, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో 'దుమ్ముగూడెం లేసు' అను ఊరి పేరుతోనే అమ్ముడుపోయినది. కాటన్ దొర ప్రత్తిని పడవలపై పంపలేకపోయిన గోదావరి మీదుగా, ఆ దొరసాని అదే ప్రత్తిదారమును పువ్వులుగా మార్చి పంపగలిగినది!

పొగడ్త ఇంతటితో నిలిపి, ఆ అరుగుపై విన్న ఫిర్యాదును చెప్పవలెను. "కూలి దారపుండ లెక్కన ఇస్తారు సారూ. పువ్వు సన్నగా వచ్చినా ముతకగా వచ్చినా అదే కూలి. మరి సన్నగా ఎందుకు అల్లాలి? భద్రాచలం అంగట్లో మెషీను లేసు మీటర్ల చొప్పున కోసి ఇస్తారు. అదీ ఇదీ ఒకటేనమ్మా అంటాడు కొనేవాడు." మరి సన్నగానే ఏల అల్లుచున్నావని యడుగబోయి, ఆ వ్రేళ్లను చూచి ఊరకుంటిని. నర్సాపురపు లేసును గూర్చి మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథములో ఇదే దుఃఖమున్నది. ఇంటిపట్టుననుండు ఆడువారు తీరిక వేళ చేయు వ్యాసంగమని పేరు పెట్టి, లోకపు విపణికి పోవు సరకును అల్లు చేతులకు కూలి యనదగిన కూలి లేకుండ చేయుటను ఆమె ఇల్లిల్లు తిరిగి వ్రాసినది. దొరసానులు నేర్పిన విద్యలో ఈ విషబీజము మొదటినుండియు నున్నదని నా యనుమానము. పేదరాలికి ఊరట కలిగింపవలెననియే వారు తలచిరి, కాని ఆమెను కూలికి అర్హురాలైన పనివారిలో ఒకతెగా ఎంచలేదు. మన వర్తకులు ఆ దయను విడిచి, ఆ యెంచకపోవుటను మాత్రము భద్రముగా దాచుకొనిరి.

ఇక పాదిరిగారి సంగతి. ఆమె దారము చేతబట్టినట్లు ఆయన మాటలు చేతబట్టెను. 1876 మొదలు 1881 వరకు 'ఇండియన్ ఆంటిక్వరీ' సంపుటములలో భద్రాచల, రేకపల్లి తాలూకాలను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసములును, 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయలను గూర్చి వ్రాసినదియు, ఈ జాతిని గూర్చి అచ్చులోనికెక్కిన తొలి విస్తారమైన లిఖితములలోనివి. పెండ్లి ఎట్లగును, చనిపోయినవాని చేతిలో ఆవుతోకనేల యుంచుదురు, ఏ గట్టువారి వేల్పు ఎవరు, క్రియాపదము ఏ కాలమున ఎట్లు మారును, ఇవన్నియు ఒక దినమున అడిగి తెలిసికొనదగినవి కావు. చెప్పువాడు సిగ్గుపడును, ఒకసారి చెప్పినది మఱొకసారి మార్చును, పొలముపనుల వేళ అసలే దొరకడు. ఆ ఋతువు గడచువరకు వేచియుండవలెను. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన ఏడు సంపుటముల కులచరిత్రలో కోయలను గూర్చిన ప్రకరణము సగము కేయిన్ భిక్షయే.

ఆయన ఋషియని నేననను. ఆ వేల్పులను తొలగింపవలెననియే ఆయన వచ్చెను; ఆయన కన్నులు ఆ యుగపు తెల్లవారి కన్నులే; చూచినదానిని తూచిన తరాజు లండనుదే. తొలగింపవచ్చినవాడే వానికి లేఖకుడగుట విధివైపరీత్యము. కాని అదే కాలమున మిగిలినవారు ఏమి చేయుచుండిరి? 1879లో రంపలో పుట్టిన తిరుగుబాటు ఈ తాలూకాలకును ప్రాకినది. కారణములలో నొకటి, మధ్యరాష్ట్రముల పాలననుండి మద్రాసు పాలనలోనికి వచ్చినంతనే రేకపల్లి వైపు పోడుసేద్యముపై పన్ను మూడింతలకు సమీపించుట. ఆ పన్ను విధించిన కచేరీకి కోయమాట ఒకటియు రాదు. ఆ కచేరీలో లెక్కవ్రాసిన తెలుగు గుమాస్తాకును రాదు. ఉప్పు, గుడ్డలు అమ్మ వచ్చిన మన షావుకారునకు మాత్రము, బాకీ అడుగుటకు చాలినంత, వచ్చును.

మనలో ఆ శ్రద్ధ గలవారు పుట్టనే లేదనుట అన్యాయము. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను ఇంటికి పిలిచి, వారి భాష నేర్చి, వారికి తన వ్యయముతో బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించిరి. గ్రాంథికముపై ఆజన్మాంతము యుద్ధము చేసిన ఆ మహనీయుని ఈ గ్రాంథికములో కొనియాడుట ఆయనకు ప్రియమగునో కాదో; అడవిలోని మాటకు చెవియొగ్గినవాడే ఊరిలోని మాటకును వకాల్తా పుచ్చుకొనగలిగెనని మాత్రము నేను నమ్మినవాడను. నైజామురాజ్యములో 1943 నాటికి మార్లవాయిలో గోండుపిల్లలకు గోండీలో చదువు మొదలుపెట్టినవారు హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా పండితుడు. ఆయన వెంట గుడిసెలో కాపురముండినది భార్య బెట్టీ. మరల పరదేశపు దంపతులే!

పరదేశమనగా తెల్లవారి దేశమే కానక్కరలేదు. మా ఖమ్మమునకు ప్రక్కనున్న దోర్నకల్లునకు 1909లో తిరునెల్వేలినుండి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారును, భార్య అన్బు మరియమ్మాళ్‌గారును తమిళులు. వారికి నైజాము తెలుగు పరాయిదే. గుడారములో కాపురము మొదలుపెట్టి, తెలుగు నేర్చి, తెలుగువారి నడుమనే ముసలివారైరి. 1912లో ఆయన ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పయ్యెను. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్ దేవాలయమున గోపురపు రేఖను, మసీదు కమానును ఒకచోట చేర్చెను. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లుననే కన్నుమూసెను. మతాంతరముల విషయమున గాంధీజీ ఆయనతో ఘర్షణపడిరి, ఆ వాదములో ఎవరిది న్యాయమో చదువరులే నిర్ణయించుకొందురు గాక. నేను చెప్పునది వాదమును గూర్చి కాదు, నివాసమును గూర్చి. వాదము వినిపించి మరునాటి రైలుకు పోవువారికి మన దేశమున ఎన్నడును కొఱత లేదు.

ఇక కోయభాష నేటి సంగతి. 2011 జనగణనలో ఆ భాషను మాతృభాషగా వ్రాయించుకొన్నవారు నాలుగు లక్షలకు పైబడిరి. బోడో, సంతాలీ భాషలకు 2003లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున చోటు దొరకినది, కోయకు లేదు. 2004 ప్రాంతమున నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిది గిరిజనభాషలలో వాచకములు వ్రాయింపబూనినపుడు కోయయు నందులో చేరినది, మంచి పనియే. ఆ వాచకముల గతి యేమో కనుగొందమని, పెద్దమ్మ అరుగు దిగి, దారిలోని ఒక చిన్న బడికి పోయితిని. ప్రధానోపాధ్యాయుడు సౌమ్యుడు, కుర్చీ వేసి, టీ తెప్పించి, బీరువా తెరచి చూపినాడు. దస్తరముల అడుగున పురికొసతో కట్టిన కట్టయొకటి యున్నది. బొమ్మలు చక్కగా నున్నవి. ఇప్పచెట్టు, డోలు, విల్లు.

"పుస్తకాలకేం లోటండీ, చెప్పేవాళ్లు కావాలిగా. పిల్లలు మొదటి ఏడాదంతా నా ముఖం చూస్తూ కూర్చుంటారు. నాకు వాళ్ల మాట రాదు, వాళ్లకు నా మాట రాదు. కోయ వచ్చిన మాస్టారు ఒకాయన ఉండేవాడు, బాగా చెప్పేవాడు. పోయినేడు ఖమ్మానికి బదిలీ చేయించుకున్నాడు."

ఆయన కోయ యెచ్చట నేర్చెనని యడిగితిని.

"నేర్చుకోవడమేంటండీ, ఆయన కోయాయనే! ఇక్కడే పుట్టాడు. పిల్లలకు ఇంగ్లీషు మీడియం కావాలి, ఇక్కడేముంది? మీ ఖానాపురం హవేలి వైపే ఇల్లు కట్టుకున్నాడని విన్నాను. ఆయన తప్పేముందండీ?"

తప్పు లేదనియే నేనును ఒప్పుకొంటిని. మా వీధిలోని ఇండ్లలో ఏది ఆయనదై యుండునో లెక్కించుకొనుచు టీ త్రాగితిని. ఆ పిల్లల మాట రాకయే మూడేండ్లనుండి ఆ బడిని విడువక కూర్చున్న ఆ సౌమ్యుని, మీరైన కోయ నేర్వరాదా యని యడిగితిని. "ఇంక రెండేళ్లే సర్వీసు, ఇప్పుడేం నేర్చుకుంటానండీ" అని ఆయన బీరువా తాళము వేసినాడు.