కంప్యూటర్ తప్పు గీస్తదా?

మొన్న మా టీంలో ఇద్దరు కుర్రాళ్ళు బిగ్ ఎండియనా, లిటిల్ ఎండియనా అని అరగంట కొట్టుకున్నారు. బైట్లు అవే, ఏ కొస నుంచి చదవాలన్నదే గొడవ. వింటుంటే నాకు గోదావరిఖనిలోని ఒక లేత్ షెడ్డు గుర్తొచ్చింది. నేను పుట్టుకతో సాఫ్ట్‌వేర్ వాణ్ణేం కాదు లెండి, మెకానికల్ డిప్లొమా.

చదివింది బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో. (అప్పటికి బెల్లంపల్లి ఆదిలాబాద్ జిల్లా, మా గోదావరిఖని కరీంనగర్ జిల్లా. 2016 లో ఒకటి మంచిర్యాలకీ ఇంకోటి పెద్దపల్లికీ పోయాయి.) డ్రాయింగ్ అంటే మినీ డ్రాఫ్టరు, 2హెచ్ పెన్సిలు, ఎన్.డి. భట్ పుస్తకం. ఎండాకాలం షీటు మీద చెమట చుక్క పడిందా, మళ్ళీ మొదట్నుంచీ. 2003 లో డిప్లొమా అయిపోగానే "ఆటోక్యాడ్ వస్తే ఉద్యోగం పక్కా" అని ఎవరో చెబితే, బాపు తన సింగరేణి జీతంలోంచి ఫీజు కట్టాడు. రోజూ పొద్దున్నే కరీంనగర్ బస్సు.

ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరుకి ఇద్దరం. నల్లటి తెర, కింద కమాండ్ లైను. @50,0 అని కొడితే ఉన్న చోటు నుంచి కుడికి యాభై. @50<30 అంటే ముప్పై డిగ్రీల వాలులో యాభై. ఫ్లాంజికి ఆరు రంధ్రాలు గీయడానికి కాలేజీలో కంపాసుతో గంట పట్టేది. ఇక్కడ ఒకటి గీసి అర్రే కొడితే మిగతా అయిదూ వాటంతటవే వచ్చి కూర్చునేవి. ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ నాకు నేనే నవ్వుకున్నాను. ఆటోక్యాడ్‌ని మొదటిసారి జనానికి చూపించింది 1982 నవంబరులో, లాస్ వేగస్ కామ్‌డెక్స్‌లోనట. మా దాకా రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, అంతే.

సారు ఇచ్చే ఎక్సర్‌సైజులు ఏదో అమెరికా పుస్తకం జిరాక్సులు. కొలతలన్నీ అంగుళాల్లో. వ్యూలు థర్డ్ యాంగిల్‌లో. మన దగ్గర బి.ఐ.ఎస్. చెప్పేది ఫస్ట్ యాంగిల్: కుడి నుంచి చూసిన బొమ్మని ఎడమ పక్కన పెట్టాలి. అమెరికా వాడు కుడిది కుడి పక్కనే పెడతాడు. ఈ తేడా కాలేజీలో నేను పరీక్షకి బట్టీ పట్టినదే. కానీ మూడు నెలలు ఆ జిరాక్సుల్ని చూసి చూసి గీస్తే చెయ్యి అటే పోయింది. గీయడం నేర్పారు గానీ, ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో ఎవరూ మాట్లాడలేదు.

మా వాడకట్టులో లేత్ షెడ్డు కాకా ఉండేవాడు. సుల్తానాబాద్ రైస్ మిల్లు వాళ్ళది బేరింగ్ బ్లాకు పనొకటి వచ్చింది. పోత పోసిన ముక్క వాళ్ళే ఇచ్చారు, మూత బిగించడానికి కుడి ముఖానికి నాలుగు రంధ్రాలు వెయ్యాలి. "కంప్యూటర్ల గీసియ్యి బిడ్డా, మిల్లోళ్ళకు సుత మంచిగనిపిస్తది" అన్నాడు. గీశాను. కుడి వ్యూ కుడి పక్కన పెట్టాను. ఫ్రంట్ వ్యూలో చుక్కల గీతలు గజిబిజిగా ఉన్నాయని ఆ లేయరు ఆఫ్ చేసి ప్రింటు తీశాను. ఎంత నీటుగా వచ్చిందో! మూలన యాంగిల్ గుర్తు కూడా వెయ్యలేదు.

కాకా తనకి తెలిసిన పద్ధతిలోనే చదివాడు. కుడి పక్కనున్న బొమ్మ అంటే ఎడమ నుంచి చూసింది. ఎడమ ముఖానికి డ్రిల్లు పెట్టాడు. అటు గోడ పల్చన, డ్రిల్లు నేరుగా నూనె గదిలోకి దిగిపోయింది. చుక్కల గీతలు ఉండి ఉంటే రెండో సెకనులో పట్టేసేవాడు.

నేను వెళ్ళేసరికి మిల్లు మనిషి అరుస్తున్నాడు. కాకా నా కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "కంప్యూటర్ తప్పు గీస్తదా? నాకే సమజ్ కాలే" అన్నాడు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది ఏం జరిగిందో. నోరు తెరవలేదు. కొత్త ముక్కకి డబ్బులు ఆయనే పెట్టుకున్నాడు. నాలుగు నెలల తర్వాత నేను అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాను.

మొన్న దసరాకి ఇంటికెళ్తే కాకా పిలిచాడు. మనవడు డిప్లొమా చదువుతున్నాడు, సాలిడ్‌వర్క్స్‌లో ఏదో గీశాడు, చూడమన్నాడు. ముందు నా చూపు కింద కుడి మూలకి పోయింది. తల కోసిన కోను గుర్తు ఉంది, ఫస్ట్ యాంగిల్. వ్యూలూ దానికి తగ్గట్టే ఉన్నాయి. అప్పుడు చెప్పాను, 2003 నాటి సంగతి మొత్తం, లేయరు ఆఫ్ చేసిన దగ్గర్నుంచి.

కాకా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత షెడ్డు తలుపు వైపు చూపించాడు. గాలికి కొట్టుకోకుండా ఆ బ్లాకే అడ్డం పెట్టి ఉంది. "అప్పుడే చెప్తే మిల్లోనితోని అన్ని మాటలు పడకపోదును గదరా" అన్నాడు.