వార్తను వినని వ్యాకరణము

నేను నారాయణగూడలోని యొక పాఠశాలయందు ఇంగ్లీషు ఉపాధ్యాయుడను. బాల్యమున సంస్కృతము చదువుకొన్నవాడను. అపశబ్దము చెవిని బడిన క్షణముననే దిద్దవలెనను అలవాటు నాకు ఆ చదువువలన గలిగినది. మంత్రమున స్వరము తప్పుటచే ఇంద్రుని చంపవలసిన వృత్రుడే చచ్చెనను కథ మహాభాష్యమున స్మరింపబడినది. దానిని పిల్లలకు జెప్పి, భాషలో తప్పు ఎంత ప్రమాదమో బోధించుచుంటిని.

కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో, "నిన్న మీ యింట నేమి జరిగినదో ఇంగ్లీషున జెప్పుడు" అంటిని. ఎన్నడును నోరు విప్పని యొక బాలిక లేచి, "ఎస్టర్‌డే మై ఫాదర్ ఫాల్..." అనెను. "ఫాల్ కాదు, ఫెల్" అంటిని. "ఫెల్ ఇన్ వర్క్..." అనెను. "ఇన్ కాదు, ఎట్" అంటిని. తరగతి నవ్వెను. ఆమె కూరుచుండెను.

మఱునాటినుండి ఆమె బడికి రాలేదు. వారము దినముల తరువాత విచారింపగా, తాపీపనివాడైన ఆమె తండ్రి పరంజామీదినుండి పడి ఆసుపత్రిలో నున్నాడని తెలిసినది. నేను రెండు తప్పులు దిద్దితిని. వార్తను మాత్రము వినలేదు.

ఆ మహాభాష్యముననే మఱియొక మాట గలదని ఆ రాత్రి జ్ఞప్తికి వచ్చినది. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి బోయి చేయించుకొనును గాని, మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి బోయి మాటలు చేసి యిమ్మని యడుగడట! మాట ముందు, వ్యాకరణము తరువాత. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో మాటలాడియే వారి భాష నేర్చిరి. ఆ పిమ్మటనే 1931లో దానిని నేర్పు గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించిరి. మన బడులలో ఈ క్రమము తలక్రిందులు. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది; కాని ప్రశ్నపత్రము వ్రాతనే కొలుచును గావున మాటకు వేళ దొరకదు.

నాడు మొదలు పద్ధతి మార్చుకొంటిని. పిల్లలను ఇద్దరిద్దరిగా, వీపున వీపు ఆనించి కూర్చుండబెట్టుదును. ఒకరి చేతిలో మన పేటల పటము పేర్లతో నుండును. రెండవవారి చేతిలో పేర్లు లేని పటము. నారాయణగూడ వై.ఎం.సి.ఎ. కూడలినుండి చిక్కడపల్లి త్యాగరాయ గానసభకును, అచ్చటినుండి కేంద్ర గ్రంథాలయమునకును, పోటీపరీక్షల అభ్యర్థులు నిండియుండు అశోక్‌నగర్‌కును ఇంగ్లీషున దారి యడిగి గీత గీయవలెను. వ్రేలితో చూపుటకు వీలు లేదు, మాటయే గతి. ఒకరికి దెలిసినది రెండవవారికి దెలియకుండుటయే ఈ యాటకు ప్రాణము. సమాధానము ముందే తెలిసియుండి ప్రశ్నించు ఉపాధ్యాయునితో ఎవరు మనసిచ్చి మాటలాడుదురు?

నలువదిమందిని ఒక్కొక్కరిగా లేపినచో, తలకొక నిమిషమునకే నలువది నిమిషములు చెల్లును. జంటలుగా నైనచో పది నిమిషములలోనే తలకు అయిదు నిమిషములు దక్కును. అంతసేపును నేను నోరు మూసికొని తిరుగుచు తప్పులు వ్రాసికొందును. చివర, ఎవరి పేరును జెప్పక, నాలుగు వాక్యములు నల్లబల్లపై వ్రాసి తరగతిచేతనే దిద్దింతును. దిద్దుట మానలేదు, దాని వేళ మార్చితిని.

గోల యగుచున్నదని ప్రక్క తరగతివారు విసుగుకొన్నారు. నడుమ తెలుగు దొరలును. తెలియని మాటను తెలుగున అడిగి తెలిసికొని, మరల ఇంగ్లీషున జెప్పినచో దానిని నేరముగా నెంచను. ధైర్యవంతులే అంతయు మాటలాడకుండుటకై, పేర్లున్న పటమును వెనుకాడువారి చేతికే యిత్తును.

ఆ బాలిక నెలకు తిరిగివచ్చినది. చాలకాలము పెదవి కదపలేదు. ఒకనాడు జంటలోని బాలిక దారి తప్పగా, "నో, నో, కమ్ బ్యాక్ టు బ్రిడ్జి!" అని కేకవేసెను. బ్రిడ్జికి ముందు 'ద' లేదు. నేను దిద్దలేదు.

తల్లిదండ్రులారా, అతిథుల యెదుట పిల్లలను నిలువబెట్టి ఇంగ్లీషు పలికింపకుడు. వారు ఏ భాషలో నేమి చెప్పవచ్చినను వాక్యము ముగియువఱకు వినుడు. దిద్దుటకు తరువాత కావలసినంత కాలము గలదు.