చేపల కొట్టులో పుట్టిన నాటికలు

బోస్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి, "నాన్నా, ఈ ఆదివారం ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే, తడుముకోకుండా "ప్రావిన్స్‌టౌన్" అన్నాను. వాడు ఆశ్చర్యపోయాడు. అందరూ తిమింగలాలను చూడటానికి వెళ్లే ఊరు గదా అది! మా ఆవిడ మాత్రం నవ్వి ఊరుకున్నది. నలభై ఏళ్లుగా మా అటక మీద ఉన్న ట్రంకు పెట్టె సంగతి ఆమెకు తెలుసు. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

వేసవిలో బోస్టన్ నుంచి పడవ మీద గంటన్నర ప్రయాణం. కేప్ కాడ్ అనే భూభాగం మోచేయి వంచిన చేతిలా సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ చేతి పిడికిలి దగ్గర ఉన్నది ఈ ఊరు. 1620లో ఇంగ్లండు నుంచి వచ్చిన యాత్రికుల ఓడ మొదట లంగరు వేసింది ఇక్కడే. దాని గుర్తుగా కట్టిన 252 అడుగుల రాతి గోపురం ఊరికి ఎంత దూరాన ఉన్నా కనబడుతుంది.

"ఎక్కుదామా?" అన్నాను.

"మీరు ఎక్కి రండి. నేను కింద కూర్చుని మీ జోళ్లు కాస్తాను" అన్నది మా ఆవిడ.

నాకు కావలసింది గోపురం కాదు. కమర్షియల్ స్ట్రీట్ వెంట తూర్పుగా నడిచాం. ఒకచోట ఒక ఫలకం, ఎదురుగా నీళ్లు. అంతే! "ఇందుకా ఇంత దూరం తీసుకువచ్చారు?" అన్నాడు అబ్బాయి. అక్కడే మెట్ల మీద కూర్చుని కథ చెప్పాను.

1915 వేసవిలో న్యూయార్కు నుంచి కొందరు రచయితలు, చిత్రకారులు, పత్రికలవాళ్లు విశ్రాంతి కోసం ఇక్కడికి వచ్చారు. వారిలో జార్జి క్రామ్ కుక్, సుసాన్ గ్లాస్పెల్ దంపతులు. ఆ రోజుల్లో అందరికీ పట్టిన ఫ్రాయిడ్ పిచ్చిని వెక్కిరిస్తూ ఆ దంపతులు ఒక నాటిక రాశారు. న్యూయార్కులో ఒక నాటక బృందం దానిని వద్దన్నది. అయితేనేం, మనమే ఆడుకుందాం అనుకున్నారు. మిత్రుల ఇంట్లో ఒక నాటికకు సముద్రం వైపు వరండాయే రంగస్థలం. తరువాతి నాటికకు ప్రేక్షకులే కుర్చీలు ఇటు తిప్పుకున్నారు!

ఆ ఉత్సాహంతో, మేరీ హీటన్ వోర్స్ అనే రచయిత్రికి చెందిన వార్ఫు మీద పాత చేపల కొట్టును శుభ్రం చేశారు. రంగస్థలం పన్నెండడుగులకు పదడుగులు. కూర్చోవటానికి కొయ్య బల్లలు. రంగస్థలం వెనుక తలుపులు తీస్తే సముద్రమే తెర.

1916లో యూజీన్ ఓనీల్ అనే ఇరవైయేడేళ్ల యువకుడు ఈ ఊరు వచ్చాడు. అతని నాటకాలు అప్పటికి రంగం ఎక్కలేదు. మిత్రులంతా కూర్చుంటే మరొకరు అతని నాటికను పైకి చదివారు. రచయిత మాత్రం మొహమాటంతో పక్కన భోజనాల గదిలో ఉండిపోయాడు! ఓడలో చనిపోతున్న ఒక నావికుని కథ అది. జూలై 28న ప్రదర్శించారు. ఆ రాత్రి నాటికలో మంచు. బయట నిజంగానే మంచు. పలకల కింద అలల చప్పుడు. అటువంటి రంగాలంకరణ ఏ కాంట్రాక్టరు చేయగలడు?

ఆ వేసవిలోనే కుక్, భార్య నాటిక ఒకటి రాబోతున్నదని ప్రకటించేశాడు. ఆవిడ ఒక్క ముక్కయినా రాయలేదు! పాపం, వెళ్లి ఖాళీ రంగస్థలం ఎదుట కూర్చున్నది. చూడగా చూడగా అది ఒక వంటిల్లు అయింది. పూర్వం పత్రికా విలేఖరిగా తాను రాసిన ఒక హత్య కేసు జ్ఞాపకం వచ్చింది. 'ట్రైఫిల్స్' అలా పుట్టింది. అధికారులు ఇల్లంతా వెదికినా దొరకని సాక్ష్యం, వంటింట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లకు కుట్టుపెట్టెలో దొరుకుతుంది.

"దొరకదు మరి! మగవాళ్లకు పోపులపెట్టె ఎదురుగా ఉన్నా కనబడదు" అన్నది మా ఆవిడ.

ఆ సెప్టెంబరులో వారు సంఘానికి నియమావళి రాసుకున్నారు. అందులో నాకు నచ్చినది ఒకటి: నాటకాన్ని తయారుచేయటంలో రచయిత మాటే చెల్లాలి. తన మాట నటుని నోట ఎక్కడ తడబడుతున్నదో రచయిత చెవులారా వినాలి. వినకుండా రాత ఎలా బాగుపడుతుంది? తరువాత న్యూయార్కులో, 1922 దాకా సుమారు వంద నాటకాలు ఆడారు. దాదాపు అన్నీ అమెరికా రచయితలవే. అన్నీ గొప్పవని ఎవరూ అనరు. ఆడి, ఓడి, మళ్లీ రాసుకోవటానికే ఆ చోటు.

చిత్రమేమంటే, వారిని దెబ్బకొట్టినది ఓటమి కాదు, విజయం! 1920లో ఓనీల్ నాటకం 'ఎంపరర్ జోన్స్' అఖండంగా ఆడి, బ్రాడ్వేకు పోయింది. ఆపైన అందరికీ పెద్ద హాళ్ల మీదే ధ్యాస. కుక్ మనసు విరిగి 1922లో భార్యతో గ్రీసు వెళ్లిపోయాడు. 1924లో అక్కడే చనిపోయాడు. ఓనీల్‌కు 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. గ్లాస్పెల్‌కు 1931లో పులిట్జర్. ఆ వార్ఫు మాత్రం మిగలలేదు.

మనకూ 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలు ఎన్నో పరిషత్తులు ఉన్నవి. అవి ఎంతో సేవ చేశాయి. కాని పోటీకి నాటిక తయారై రావాలి. తయారు కావటానికి చోటేదీ?

ఇక ట్రంకు పెట్టె సంగతి. అందులో నేను ఇరవైరెండో ఏట రాసిన నాటిక ఉన్నది. మా ఊరి సమాజం ఒకటి "పనికిరాదు" అని తిప్పి పంపింది. వారన్నది నిజమే కావచ్చు. కాని ఏది పనికిరాదో చెప్పినవారు లేరు. పైకి చదివినవారూ లేరు. ఆ తరువాత నేను మళ్లీ కలం పట్టలేదు.

తిరుగు పడవలో మా ఆవిడ మెల్లగా అడిగింది: "మన పక్కింటి కుర్రాడు మీకిచ్చిన నాటిక చదివారా?"

చదవలేదు. మూడు నెలలుగా నా బల్ల మీదే ఉన్నది! నాకు సిగ్గువేసింది.

ఇంటికి రాగానే అతనికి కబురుపెట్టాను. వచ్చే ఆదివారం సాయంత్రం మా వరండాలో పదిమందిమి కూర్చుని అతని నాటిక పైకి చదువుతాం. కాఫీ మా ఆవిడ ఇస్తుంది. రచయితకు మొహమాటమైతే వంటింట్లో కూర్చోవచ్చు. తలుపు మాత్రం తీసే ఉంచుతాం.