ఆపిల్ పాకం

మా అమ్మాయి రెండో తరగతిలో చేరిన వారంలోనే బడి నుంచి ఒక కాగితం వచ్చింది. తరగతిలో ఒక పిల్లాడికి వేరుశనగ పడదట. అందుకని వేరుశనగ, జీడిపప్పు, బాదం, పిస్తా ఏది కలిసినా ఆ తిండి డబ్బాలో పెట్టి పంపొద్దని రాశారు. పడకపోవడమంటే కడుపునొప్పితో పోయేది కాదు, ఊపిరి అందకపోయేంత. చదివాక నేను మరో ఆలోచన పెట్టుకోలేదు. అప్పటిదాకా పది గంటల వేళకి పెడుతున్న వేరుశనగ అచ్చు ఆ రోజే మానేశాను.

దాని బదులు పప్పుల్లేని గ్రానోలా బార్లు దుకాణంలో తెచ్చాను. అమెరికాలో ఆహారం అట్టపెట్టెల మీద, పదార్థంలో సహజంగా ఉన్న చక్కెర కాకుండా విడిగా కలిపింది ఎంతో చెప్పాలని 2016లో నియమం చేశారు. ఆ వరస చూడటం నాకు అలవాటు. నేను తెచ్చిన పెట్టె మీద బార్‌కి 11 గ్రాములని ఉంది. రెండేళ్లు దాటిన పిల్లలకి కలిపిన చక్కెర రోజుకి 25 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. అందులో దాదాపు సగం, వేలెడంత ముక్కలో, అదీ పొద్దున్న పదింటికే. ఇంట్లో చేసుకుందాం అనుకున్నాను.

మేముండేది మసాచుసెట్స్‌లో, నషోబా లోయ అనే ఆపిల్ తోటల ప్రాంతంలో. సెప్టెంబరు నుంచి ఇక్కడి గాలికే ఒక రుచి ఉంటుంది. తోటల్లో మాకింటాష్, కోర్ట్‌లాండ్ కోతకొస్తాయి. దక్షిణాన కేప్ కాడ్ వైపు క్రాన్‌బెర్రీ మడుల్లోకి నీళ్లు వదిలి, తేలిన కాయల్ని తోడుకుంటారు. గుమ్మాల ముందు గుమ్మడికాయలు వచ్చి కూర్చుంటాయి. నా బార్లలో ఈ రుచులే ఉండాలనుకున్నాను. ఓట్స్ వేయించి, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు కలిపి, తేనె పోసి, ఓవెన్‌లో పెట్టాను. కోసేసరికి పొడి. రెండోసారీ అంతే. మూడోసారి తేనె ఎక్కువ పోస్తే ముక్కలు నిలిచాయి గానీ, తీపి లెక్క దుకాణం బార్‌ని దాటిపోయింది.

అమ్మ దసరాకి పది రోజుల ముందు వచ్చింది. ఆ ఏడు మేపుల్ ఆకులు తొందరగా ఎరుపెక్కాయి. "శిశిరం మొదలైపోయిందమ్మా" అన్నాను. ఇక్కడ తెలుగువాళ్లం ఆకు రాలడం చూసి అలాగే అంటాం.

"శిశిరమేటే? ఆశ్వయుజం రాబోతుంటేను. ఇది శరత్తు. శిశిరం మాఘమాసంలో కదూ" అంది అమ్మ. అప్పట్నుంచి నేనూ శరత్తనే అంటున్నాను. శరన్నవరాత్రులు చేసుకుంటూ ఆ ఋతువుకి ఇంకో పేరు పెట్టడం సరి కాదనిపించింది.

అమ్మది చోడవరం దగ్గర పల్లె. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి బండ్లు తోలిన ఇల్లు వాళ్లది. తాతయ్య పొలంలోనే గానుగ పాక ఉండేది. సంక్రాంతి ముందూ వెనకా అక్కడ రాత్రింబవళ్లు బెల్లం వండేవారని, పెనం దగ్గర కూర్చుని చలి కాచుకునేవాళ్లమని అమ్మ చెబుతూ ఉంటుంది. నా గ్రానోలా పొడి చూసి తను ఎక్కువ మాట్లాడలేదు. ఇంత పొడి అరచేతిలోకి తీసుకుని పిడికిలి బిగించి, వేళ్లు విప్పింది. అంతా రాలిపోయింది.

"పాకం పట్టలేదు నువ్వు. తేనె పచ్చిగా పోసేశావు."

అదే వారం తోటకి వెళ్లాం. తోట దుకాణంలో అప్పుడే పిండిన సైడర్ అమ్ముతారు. అమెరికాలో సైడర్ అంటే పులియని, వడకట్టని ఆపిల్ రసమే. మత్తుండేదాన్ని హార్డ్ సైడర్ అంటారు. ఆ సీసాల పక్కన నల్లటి చిన్న సీసా ఒకటి ఉంది. బాయిల్డ్ సైడర్. ఏడు పాళ్ల రసాన్ని ఒక పాలు అయ్యేదాకా కాచిందట. చెరకు పంచదార ఖరీదైన సరుకుగా ఉన్న రోజుల్లో న్యూ ఇంగ్లండ్ రైతుల ఇళ్లలో తీపికి దీన్ని వాడేవారు. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే అమ్మ ముఖం మారిపోయింది.

"అంటే పానకం!" అంది. మినప రొట్టెతో నంచుకునే చెరకు పానకం. సీసా అక్కడే పెట్టేయించి, అర గేలన్ రసం కొనిపించింది. "కొనడం దేనికి? కాద్దాం."

అర గేలన్ అంటే రెండు లీటర్లకి కాస్త తక్కువ. వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి సన్నని మంట మీద పెట్టాం. వేడెక్కేసరికి గోధుమరంగు నురగ పైకొచ్చింది. అమ్మ గరిటె అంచుతో దాన్ని పక్కకి నెట్టి, తీసి, వేరే గిన్నెలో వేసింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తీసింది. చెరకు రసం మీద తెట్టు తీసేవాళ్లని నేను చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. చెయ్యి అలాగే తిరిగింది, మధ్య నుంచి అంచుకి.

"సున్నం వెయ్యరా దీంట్లో?" అని అడిగింది. బెల్లం వండేటప్పుడు రసంలో పులుపు విరగడానికి, మడ్డి తేలడానికి సున్నం వేస్తారు. ఆపిల్ రసానికి అది పనికిరాదు. ఆపిల్‌లో పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. ఆ జిగురు, పులుపు, తీపి మూడూ చిక్కబడినప్పుడే రసం ముద్దలా నిలుస్తుంది. పులుపు తీసేస్తే ఆ పట్టు పోతుంది. ఇదంతా అమ్మకి చెబితే తల ఊపి, "చింతపండు గుజ్జు బెల్లంతో ఉడికితే దగ్గరపడదూ, అలాగ" అంది.

గంట దాటింది. ఇల్లంతా ఆపిల్ వాసన, దాని వెనక ఎక్కడో కాలిన చెరకు వాసన. మొదట పెద్దగా, తేలిగ్గా లేచిన బుడగలు చిన్నవై, నిగనిగలాడుతూ గిన్నె నిండా పైకి పొంగాయి. నేను థర్మామీటర్ పెట్టి చూస్తున్నాను. 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముద్దకడుతుందని చదివాను. అమ్మ అటు చూడనే లేదు. స్టీలు ప్లేటు ఒకటి ఫ్రిజ్‌లో పెట్టమంది. పావుగంట తర్వాత దాని మీద ఒక్క బొట్టు వేసి వంచింది. బొట్టు నీళ్లలా పారిపోయింది. ఇంకాసేపటికి ఇంకో బొట్టు. ఈసారి మెల్లగా జారి, సగం దారిలో ఆగి, ముందు అంచు ఉబ్బింది. వేలితో నెడితే పైన సన్నని ముడత పడింది.

"దించెయ్. ఇంకో నిమిషం ఉంటే మాడిన రుచి వస్తుంది."

థర్మామీటర్‌లో 103 ఉంది. గిన్నెలో కప్పు పాకం మిగిలింది, చింతపండు రంగులో, పుల్లతీపిగా.

మసాలా దగ్గర ఇంకోసారి ఆగాం. నా దగ్గర పంప్‌కిన్ పై స్పైస్ డబ్బా ఉంది. గుమ్మడికాయ పేరే గానీ గుమ్మడి అందులో ఉండదు. గుమ్మడి పైలో వేసే దినుసుల్ని కలిపి మెకార్మిక్ కంపెనీ 1934లో ఆ డబ్బా అమ్మడం మొదలుపెట్టింది. అమ్మ మూత తీసి వాసన చూసి, ఒక్కొక్కటే చెప్పింది: దాల్చిన చెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. "బాలింత మందు సామానంతా ఇందులోనే ఉందే!" అంది. డబ్బా పక్కన పెట్టి తనే చిన్న రోట్లో నూరింది. శొంఠి పాలు నేను వేసేదానికి రెట్టింపు వేసింది. ఆ మార్పు అలాగే ఉంచేశాను. ఓట్స్ చప్పదనం మీద శొంఠి ఘాటు చాలా బాగా నిలబడుతుంది.

ఎండు క్రాన్‌బెర్రీల సంగతి కొంచెం చెప్పాలి. ఆరోగ్యం పేరుతో గుప్పెడు వేసేస్తాం గానీ, పచ్చి కాయ భరించలేనంత పులుపు కాబట్టి వాటిని పంచదార పట్టించి ఎండబెడతారు. పావు కప్పులో పాతిక గ్రాముల చక్కెర ఉన్న పొట్లాలు నేను చూశాను. అమ్మ పచ్చి కాయ కొరికి "వాక్కాయ" అంది. నిజంగానే ఇక్కడి తెలుగు ఇళ్లలో క్రాన్‌బెర్రీ పప్పు, పచ్చడి వాక్కాయలా చేసుకునేవే. మేం కాయల్ని రెండుగా కోసి, రెండు చెంచాల ఆపిల్ పాకంలో పొర్లించి, ఓవెన్‌లో అతి తక్కువ వేడి మీద మూడు గంటలు పైగా ఆరబెట్టాం. పూర్తిగా ఎండలేదు, చివర్లు మాత్రం ముడుచుకున్నాయి. పులుపు ఉండనే ఉంది. అది ఉండాలి కూడా.

గుమ్మడి గింజల్ని దుకాణంలో ఆకుపచ్చ పప్పుగా ఒలిచే అమ్ముతారు. అమ్మకి అది నచ్చలేదు. పులుసు కోసం తెచ్చిన చిన్న గుమ్మడికాయలోని గింజలు కడిగి కిటికీ దగ్గర ఆరబెట్టింది. రెండు రోజులయ్యాక, ఎండ పడే చోట కుర్చీ వేసుకుని, గోటితో అంచు చీల్చి ఒక్కొక్కటే ఒలిచింది. మా అమ్మాయి పక్కన చేరింది. గింజ అడ్డంగా పట్టుకోవద్దని, మొన వైపు నొక్కమని అమ్మమ్మ చూపించింది. సాయంత్రానికి అరకప్పు కూడా కాలేదు. వాళ్లిద్దరూ ఆ గిన్నెని పదిసార్లు తెచ్చి నాకు చూపించారు.

మొదటి పలక అరకప్పు పాకంతో చేశాం. ముక్కలు గట్టిగా నిలిచాయి. కానీ లెక్క వేసుకున్నాను. మా సైడర్ సీసా మీద 240 మిల్లీలీటర్లకి 26 గ్రాముల చక్కెర అని ఉంది. అర గేలన్‌లో 208. అందులో సగం 12 ముక్కలకి పంచితే ఒక్కోదాంట్లో దాదాపు 9 గ్రాములు. పండు నుంచి వచ్చింది కదా అని నన్ను నేను మభ్యపెట్టుకోలేను. కాచి చిక్కబరిస్తే ఆపిల్ రసమైనా, బెల్లమైనా, తేనె అయినా పిల్లల ఒంట్లో చక్కెర పనే చేస్తుంది. ఇంటి వంట అనే మాటతో ఆ లెక్క తగ్గదు.

పాకం తగ్గిస్తే మళ్లీ పొడి అవుతుందని భయపడ్డాను. అమ్మ కాసేపు ముక్కని తిప్పి చూసింది. "పలుకూ పలుకూ పట్టుకోవాలంటే మధ్యలో పిండి ఉండాలి. అన్నీ పలుకులే అయితే పాకం సందుల్లోంచి జారిపోతుంది" అంది. వేయించిన ఓట్స్‌లో అరకప్పు మిక్సీలో సున్నుండల పిండిలా పట్టింది. అప్పుడు పాకం కప్పులో మూడో వంతు సరిపోయింది. ముక్కకి 6 గ్రాములు.

ఇప్పుడు మా ఇంట్లో ఇలా చేస్తాం. రెండున్నర కప్పుల రోల్డ్ ఓట్స్. స్టీల్ కట్ పనికిరావు, ఉడకకుండా పళ్లకి రాళ్లలా తగులుతాయి. వాటిని 160 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు వేయించి, అరకప్పు పిండి పట్టాలి. గుమ్మడి పప్పు అరకప్పు, పొద్దుతిరుగుడు గింజలు, నువ్వులు పావు కప్పు చొప్పున, మనం ఆరబెట్టిన క్రాన్‌బెర్రీలు గుప్పెడు. దాల్చిన చెక్క పొడి చెంచా, శొంఠి చెంచా, జాజికాయ, లవంగం చిటికెడు చొప్పున, ఉప్పు అర చెంచా. పొద్దుతిరుగుడు గింజల ముద్ద అరకప్పుని పాకంతో కలిపి వేడి చేసి, వేడి మీదే అన్నిట్లో పోసి కలపాలి. ఎనిమిది అంగుళాల చదరపు పళ్లెంలో కాగితం పరిచి, తడి చేసిన స్టీలు గ్లాసు అడుగుతో గట్టిగా, మూలల్లో మరీ గట్టిగా అదమాలి. 150 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు. ఆ తర్వాత రెండు గంటలు ముట్టుకోకూడదు. నా మొదటి పలకలు పొడి అయిపోవడానికి సగం కారణం నేను వేడి మీద కోయడమే.

మొదటి సోమవారం అమ్మాయి డబ్బాలో ఒక ముక్క పెట్టాను. సాయంత్రం ఖాళీ డబ్బాతో వచ్చి రేపు రెండు పెట్టమంది. వేరుశనగ పడని ఆ పిల్లాడు దాని పక్కనే కూర్చుంటాడట. కాగితం మీద దినుసులన్నీ రాసి వాళ్లమ్మకి పంపాను. ఆవిడ ఒక్కోటీ చదివి, నువ్వుల గురించి విడిగా అడిగారు. నువ్వులు కూడా కొందరు పిల్లలకి పడవు. వాళ్లబ్బాయికి పర్లేదని నిర్ధారించుకుని, సరేనన్నారు.

అమ్మ కార్తీకమాసంలో వెళ్లిపోయింది. జనవరిలో ఒక రాత్రి ఫోన్ చేసింది. వెనక గానుగ చప్పుడు వినిపిస్తోంది. మా మావయ్య వాళ్ల పాక దగ్గర, పెనం పక్కన నిలబడి మాట్లాడుతోంది.

"ఆ ఆపిల్ రసం ఎన్ని పాళ్లకి ఒక పాలు అన్నావు? ఏడా? వీడు నమ్మట్లేదే. ఫోన్ ఇస్తాను, నువ్వు చెప్పు."