ఒక్కరికి ఒక్కటే

1948లో షికాగోలో మడ్డీ వాటర్స్ అనే ఆయన పాడిన రికార్డు ఒకటి విడుదలైంది. మొదట వేసిన కాపీలు చూస్తుండగానే అయిపోయాయి. తన రికార్డు తనే ఇంకో రెండు కొనుక్కుందామని మాక్స్‌వెల్ వీధిలో ఒక కొట్టుకి వెళితే, కొట్టువాడు "ఒక్కరికి ఒక్కటే" అన్నాడట. పాడింది నేనేనయ్యా మొర్రో అన్నా వినలేదట. ఇది ఆయన తర్వాత రోజుల్లో చెప్పుకున్న కథే. తొలి ప్రెస్సింగుల కోసం వేలంలో కొట్టుకునేవాళ్ళ గురించి చదివినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. పాడినవాడికే దొరకలేదు, మనమెంత!

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటారా? అజీజియాలో మా వీధి చివర ఉండే గోవా పెద్దాయన ఒకరు దోహా వదిలి సొంత ఊరు వెళ్ళిపోతున్నారు. వెళ్ళిపోయేవాళ్ళు సోఫాలు, వాషింగ్ మెషీన్లు అమ్ముతారు కదా, ఈయన పాత ఎల్పీలు కూడా అమ్మారు. అందులో "ద బెస్ట్ ఆఫ్ మడ్డీ వాటర్స్" ఉంది. చెస్ కంపెనీ 1958లో వేసినది, నంబరు 1427. నల్ల లేబుల్ మీద వెండి రంగు అక్షరాలు. తర్వాత వేసిన కాపీల్లో లేబుల్ రంగులు మారిపోతాయి. లేబుల్ పక్కన పాట లేని ఖాళీ జాగాలో గీకిన అంకెల్ని కూడా టార్చిలైటు వేసి చూశాను. పుస్తకాలకి తొలి ముద్రణ ఎలాగో ఇదీ అలాగే. ధర మా పోర్షన్ నెల అద్దెలో సగం.

"అవే పాటలు ఫోన్లో ఊరికే వస్తుంటే ఈ ప్లేటుకి ఇంత పోయడమేంటండీ?" అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. పైగా ఇందులో ఉన్న పన్నెండు పాటలూ 1948 నుంచి 1954 దాకా విడివిడిగా వచ్చినవే. తొలి ముద్రణ అంటున్నాం కానీ, ఇది నిజానికి సంకలనం. తొలిసారి కొన్నవాళ్ళ దగ్గర ఉన్నవి ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే 78 స్పీడు ప్లేట్లు.

మా వృత్తి భాషలో జవాబు చెబుతాను. బ్యాకప్ ఎక్కడుంది? స్టూడియోలో పాడింది టేపు మీదకి ఎక్కుతుంది. టేపులోంచి గాడి కోస్తారు, గాడిలోంచి లోహపు అచ్చు తీస్తారు, అచ్చుతో ప్లేట్లు కొడతారు. టేపు పాతబడుతుంది, అచ్చు అరుగుతుంది. అందుకే ముందు కొట్టిన ప్లేటుకి విలువ. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో మంటలు లేచాయి. అక్కడ దాచిన మాస్టర్ టేపులు పెద్ద ఎత్తున కాలిపోయాయనీ, వాటిలో చెస్ కంపెనీవీ ఉన్నాయనీ 2019లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ బయటపెట్టింది. నష్టం అంత లేదని కంపెనీ వాదించింది. ఎంత కాలిందన్న లెక్క ఎలా తేలినా నాకర్థమైంది ఒకటే. సర్వర్ తగలబడితే, ఎవరో తెలియనివాడు ఇంట్లో దాచుకున్న కాపీయే ఆధారం. ఆ ఎవరో నేనే అయితే తప్పేముంది?

ఇంకో కారణం కూడా ఉంది. మడ్డీ అసలు పేరు మకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. చిన్నప్పుడు బురదలో ఆడుతుంటే అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు మడ్డీ. మిసిసిపీలో స్టోవాల్ అనే పత్తి తోటలో ట్రాక్టర్ తోలేవాడు. 1941లో అలన్ లోమాక్స్ అనే పరిశోధకుడు ఆయన పాట అక్కడే రికార్డు చేసుకుపోయి, తర్వాత కాపీలు పంపాడు. మడ్డీ ఒకటి తీసుకెళ్ళి జూక్‌బాక్స్‌లో పెట్టి తన గొంతు తనే విన్నాడట. 1943లో రైలెక్కి షికాగో వెళ్ళి కాగితం ఫ్యాక్టరీలో చేరాడు. రాత్రిళ్ళు పాడుతుంటే ఆ జనంలో, ఆ గోలలో మామూలు గిటార్ వినపడేది కాదు. అందుకే కరెంటు గిటార్ పట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ బ్లూస్ పుట్టింది ఇలాంటి అవసరంలోంచే. ఊరి పాట పట్నం హోరులో వినపడాలంటే వైరు తగిలించాల్సిందే. కంపెనీ పెట్టిన చెస్ అన్నదమ్ములూ పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్ళే. పాడినవాడూ, అమ్మినవాడూ, కొన్నవాడూ అందరూ ఎక్కణ్ణించో వచ్చినవాళ్ళే. గల్ఫ్‌లో ఉండేవాడికి ఇది విడమరిచి చెప్పాలా!

అన్నట్టు మరో చుట్టరికం. ఆనాటి 78 స్పీడు ప్లేట్లు చేసేది లక్కతో. ప్రపంచపు లక్కలో ఎక్కువ భాగం మన దేశం అడవుల్లోదే. మన ఏటికొప్పాక బొమ్మలకి మెరుపునిచ్చే లక్కే, షికాగో వాడల్లో మడ్డీ పాటని మోసింది. నా దగ్గరున్న ఎల్పీ వినైల్ అనుకోండి, దానికి ఈ చుట్టరికం లేదు.

సరే, కొన్నాను. ఇక దీన్ని బతికించుకోవడం అసలు పని. దోహా దుమ్ము సంగతి తెలిసిందే. కిటికీలన్నీ మూసినా గాడిలోకి దూరుతుంది, సూది కింద కరకరలాడుతుంది. అదైనా బ్రష్షుతో పోతుంది. ఎండాకాలంతోనే భయం. జులైలో నలభై అయిదు రోజులు ఊరెళతాం. ఏసీ ఆపి తాళం వేస్తే ఈ ప్లేటు అప్పడంలా వంకర్లు పోతుంది. అలాగని ఒక్క ప్లేటు కోసం నెలన్నర ఏసీ నడిపిస్తే మా ఆవిడ నన్ను బతకనివ్వదు.

అందుకని ఈ ఏడు ఊరెళ్ళని నిజామాబాద్ తమ్ముడొకడికి అప్పజెబుతున్నాను. "నగలేమో బ్యాంకు లాకర్లో, ప్లేటేమో మా ఇంట్లోనా అన్నా?" అని నవ్వాడు. బీరువాలో దాచొద్దు, నిలువుగా పెట్టు, అప్పుడప్పుడూ విను అని చెప్పాను. విన్నకొద్దీ గాడి అరుగుతుంది, నిజమే. కానీ ఆరు పదుల ఏళ్ళు దాటినా ఇది ఇంకా పాడుతోందంటే, ఎవరో ఒకరు విని జాగ్రత్తగా కవర్లో పెట్టబట్టే కదా. ప్లేయరు కూడా వాడికే ఇచ్చి వెళుతున్నాను. తిరిగొచ్చాక ఏ పాట నచ్చిందో అడగాలి.